ఉమర్‌ను ఆపినవారు

మక్కా నగరంలో ఇస్లాం ఇంకా కొద్దిమంది విశ్వాసంగానే ఉన్న రోజుల్లో, ఖురైష్ తెగలోని అదీ వంశానికి చెందిన ఒక శాఖలో ఒక బానిస యువతి ఆ కొత్త ధర్మాన్ని స్వీకరించింది. ఆమె చేత దానిని మాన్పించాలని అదే వంశానికి చెందిన ఉమర్ బిన్ ఖత్తాబ్ ఆమెను కొట్టేవారు. చేతులు అలసిపోయేదాకా కొట్టి, ఆపి, జాలి కలిగి ఆపలేదనీ, విసుగు పుట్టి ఆపాననీ ఆమె ముఖం మీదే చెప్పేవారు. దేవుడు నీకూ ఇలాగే చేస్తాడని ఆమె బదులు చెప్పేదట. చివరికి ప్రవక్త ముహమ్మద్ సన్నిహిత సహచరుడు అబూబక్ర్ ఆమెను డబ్బిచ్చి కొని, స్వేచ్ఛ ఇచ్చి పంపారు. ఈ సంగతిని దాచకుండా రాసిపెట్టింది ఉమర్ అంటే గిట్టనివారు కాదు. ఆయనను తమ రెండవ ఖలీఫాగా, అంటే ప్రవక్త తరువాత ముస్లింలను పాలించిన రెండవ వ్యక్తిగా, న్యాయానికి మారుపేరుగా తలచుకునే ముస్లిం చరిత్రకారులే.

ఉమర్ గురించి మన తెలుగులో వినిపించే ప్రసంగాల్లో, కనిపించే వ్యాసాల్లో ఈ యువతి ప్రస్తావన చాలా అరుదు. సాధారణంగా కథ కత్తితో మొదలై, ఆయన చెల్లెలి ఇంట్లో ఒక్క సాయంత్రంలోనే ముగుస్తుంది. కోపిష్టి మనిషి శాంతమూర్తి అయ్యాడు, తరువాత పదేళ్లు న్యాయంగా పరిపాలించాడు అన్నంత తేలికగా చెప్పేస్తారు. నేను చదివినంతలో ఆ మార్పు అలా జరగలేదు. ఉమర్‌లోని కాఠిన్యం చివరిదాకా ఉంది. చేతిలో చిన్న బెత్తం పట్టుకుని మదీనా వీధుల్లో తిరిగిన ఖలీఫా ఆయన. ఆయన వస్తుంటే పెద్ద పెద్ద సహచరులే సర్దుకుని కూర్చునేవారు. మారినదల్లా ఆ కాఠిన్యం ఎవరి మీద పడుతుందన్నదే. ఆ మార్పు కూడా ఒక్క రోజులో పూర్తి కాలేదు. జీవితంలో ఎన్నోసార్లు, ప్రతిసారీ తనకన్నా బలహీనులైన ఎవరో ఒకరు ఎదురై ఆపితే, ఆయన ఆగారు. నేను చెప్పదలచుకున్నది ఈ ఆగడం గురించే.

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బాసర సరస్వతి గుడి మాకు కూతవేటు దూరం. మధ్యలో రాష్ట్రం మారుతుంది, భాష మాత్రం మారదు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుకుంటూ పెరిగాం. నేను మిర్చి మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. సరిహద్దులో ఉండేవాళ్లకు రెండు ప్రభుత్వాలను రోజూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు తప్పదు. అటువైపు చుట్టాలకు ఎంత పింఛను వస్తోంది, రైతుకు పెట్టుబడి సాయం ఎంత, ఇటు మనకెంత అన్న మాట లేకుండా మా దగ్గర ఏ పెళ్లి విందూ ముగియదు. 2018లో మా తాలూకా గ్రామాల సర్పంచులు తమ ఊళ్లను తెలంగాణలో కలపమని అడిగినప్పుడు ఆ వార్త చాలామందికి వింతగా తోచింది కానీ, ఇక్కడి ముసలివాళ్లకు అందులో వింతేమీ లేదు. వాళ్ల దృష్టిలో పాలకుడంటే జెండా కాదు, నెల మొదట్లో చేతికి వచ్చే డబ్బు, రేషను దుకాణంలో దొరికే బియ్యం. ఈ మాటలు వింటూ వింటూనే, న్యాయంగా పాలించడమంటే ఏమిటో పాత చరిత్రల్లో వెతికే అలవాటు నాకు అయింది. మా యార్డులో తూకాల దగ్గర కూర్చునే ఒక పెద్దాయన, మేమందరం చాచా అని పిలిచే మనిషి, నాకు ఉమర్ కథలను మొదట వినిపించారు. మిగతావి నేను వెతుక్కుని చదువుకున్నాను.

చాచా మొదట చెప్పింది కత్తి కథ కాదు. 615 ప్రాంతంలో, మక్కా పెద్దల హింస భరించలేక కొందరు ముస్లింలు ఎర్ర సముద్రం దాటి అబిసీనియాకు వలసపోవడానికి సిద్ధమయ్యారు. వాళ్లలో లైలా అనే ఆమె ప్రయాణానికి మూటలు సర్దుకుంటుండగా ఉమర్ అటుగా వచ్చి నిలబడ్డారు. తమను అంత బాధపెట్టిన మనిషిని చూసి ఆమె బెదరలేదు. మీరు మమ్మల్ని ఇక్కడ బతకనివ్వడం లేదు కాబట్టి దేవుడి భూమిలో మరో చోటు వెతుక్కుంటున్నామని సూటిగా చెప్పింది. ఉమర్ కొంతసేపు మౌనంగా ఉండి, దేవుడు మీకు తోడుగా ఉండుగాక అని వెళ్లిపోయారు. ఆ గొంతులో ఇదివరకు ఎన్నడూ లేని మెత్తదనం ఆమెకు వినిపించింది. భర్త ఆమిర్ ఇంటికి వచ్చాక ఈ సంగతి చెప్పి, ఆయన మారతారేమో అని ఆశగా అన్నది. ఖత్తాబ్ గారి గాడిద ఇస్లాం స్వీకరించేదాకా ఖత్తాబ్ కొడుకు స్వీకరించడు అన్నాడు భర్త.

“చూసినవా బేటా, ఆ మాట మొగుడు అన్నడు. ఆమె మాత్రం మనిషి ముఖం చూసి చెప్పింది,” అన్నారు చాచా.

“అయితే అప్పటికే లోపల ఏదో మొదలైందన్నమాట చాచా?”

“మొదలైంది. ఆయనకే తెల్వదు.”

ఈ చిన్న ఘట్టం నాకు కత్తి ఘట్టంకన్నా విలువైనదిగా తోస్తుంది. ఉమర్ ఆ రోజు మారలేదు; మరుసటి రోజునుంచి మళ్లీ పాత ఉమరే. అయినా తాను వెళ్లగొడుతున్న మనుషులు నిజంగానే మూటలు కట్టుకుని వెళ్లిపోవడాన్ని కళ్లారా చూడడం ఆయనను ఒక క్షణం నిలబెట్టింది. ఊళ్లో ఒంటెలు కాసి పెరిగి, కఠినుడైన తండ్రి చేతి దెబ్బలు తిన్న మనిషి, ఉకాజ్ సంతలో కుస్తీలు పట్టిన మనిషి, చదవడం రాయడం వచ్చిన కొద్దిమంది ఖురైషీలలో ఒకడైన మనిషి, ఇంతవరకు ఎవరి ముందూ అలా నిలబడలేదు.

తరువాతి ఘట్టం అందరికీ తెలిసినదే కాబట్టి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. సుమారు 616లో ఒకనాడు ఆయన ప్రవక్త ముహమ్మద్‌ను చంపడానికి కత్తి తీసుకుని బయలుదేరితే, దారిలో నుఐమ్ అనే ఆయన ఎదురై, ముందు నీ ఇంటిని చక్కదిద్దుకో, నీ చెల్లెలు ఫాతిమా, బావమరిది సయీద్ బిన్ జైద్ ఎప్పుడో ముస్లింలయ్యారని చెప్పాడు. ఉమర్ నేరుగా వాళ్లింటికి వెళ్లేసరికి కమ్మరి పని చేసుకునే ఖబ్బాబ్ వాళ్లకు ఖురాన్‌లోని తాహా అధ్యాయం నేర్పుతున్నాడు. గొడవలో ఉమర్ దెబ్బకు చెల్లెలి ముఖం పగిలి రక్తం కారింది. ఆమె ఏడ్వలేదు, క్షమించమనలేదు. అవును, మేం ముస్లింలమే, ఏం చేసుకుంటావో చేసుకో అన్నది. ఆ రక్తం చూసి ఉమర్ ఆగారు. చదువుతున్నదేదో తనకు ఇవ్వమన్నారు. ముందు స్నానం చేసి రా అన్నది ఆమె. ఆయన చేసి వచ్చి, చదివి, సఫా గుట్ట దగ్గరి అర్ఖమ్ ఇంటికి వెళ్లి ప్రవక్త ముందు విశ్వాసం ప్రకటించారు.

తొలి చరిత్రకారులు దీనితోపాటు మరో కథనాన్నీ భద్రపరిచారు. ఆ కథనంలో చెల్లెలూ లేదు, కత్తీ లేదు. ఒక రాత్రి ఉమర్ కాబా వస్త్రం చాటున దాక్కుని ప్రవక్త నమాజులో చదువుతున్న వాక్యాలు విని, మనసు కరిగి, ఆయన వెంట నడిచారు. రెండింటిలో ఏది నిజమో తేల్చడం నా పని కాదు. మొదటి కథనమే జనంలో నిలిచిపోవడానికి నాటకీయత ఒక్కటే కారణం కాదని మాత్రం నమ్ముతాను. కొట్టిన చేయే ఆగవలసి వచ్చిన ఆ క్షణాన్ని ఒక సమాజం తన పాలకుడి జీవితంలో అతి ముఖ్యమైనదిగా ఎంచుకుంది. ఆ బానిస యువతిని కొట్టినప్పుడు చేతులు అలసి ఆగిన మనిషి, ఇక్కడ కళ్లతో చూసి ఆగాడు.

622లో ముస్లింలు మక్కా వదిలి మదీనాకు చేసిన వలస, ఆ తరువాతి యుద్ధాలు, ఒప్పందాలు చాలామంది రాశారు. నేను 632కు వెళ్తాను. ప్రవక్త మరణించిన రోజున ఉమర్ ఆ వార్తను ఒప్పుకోలేదు. ఆయన చనిపోయారన్నవాళ్ల చేతులూ కాళ్లూ నరుకుతానని మసీదులో నిలబడి కేకలు వేశారు. అబూబక్ర్ వచ్చి, ముహమ్మద్‌ను ఆరాధించినవారికి ముహమ్మద్ మరణించారు, దేవుణ్ణి ఆరాధించినవారికి దేవుడు సజీవుడు అని, ముహమ్మద్ కూడా ఒక ప్రవక్తే, ఆయనకు ముందు ఎందరో ప్రవక్తలు గతించారన్న ఖురాన్ వాక్యాన్ని చదివారు. ఆ వాక్యాన్ని అప్పుడే మొదటిసారి విన్నట్టు తన కాళ్లు తనను మోయలేక కూలబడ్డానని ఉమరే తరువాత చెప్పుకున్నారు. ఇస్లాం స్వీకరించి పదిహేనేళ్లు దాటిన తరువాత కూడా ఆయన మొదట ఉగ్రుడయ్యారు, తరువాత ఆగారు. మార్పు పూర్తయిపోయిన మనిషి కాదాయన. ఆగడం నేర్చుకుంటూనే ఉన్న మనిషి.

అబూబక్ర్ ఖలీఫాగా చేసిన మొదటి ప్రసంగంలో, నేను మీలో ఉత్తముణ్ణి కాను, తప్పు చేస్తే సరిదిద్దండి, మీలో బలహీనుడు తన హక్కు పొందేదాకా నా దగ్గర బలవంతుడే అన్నారు. 634లో మరణించబోతూ ఆయన ఉమర్‌ను వారసుడిగా సూచించినప్పుడు చాలామంది అభ్యంతరం ఒక్కటే: ఆ మనిషి మరీ కఠినుడు. ఆ భయం ఉమర్‌కు తెలుసు. పదవిలోకి వచ్చిన తొలి రోజుల్లోనే ఆయన దేవుణ్ణి బహిరంగంగా ప్రార్థిస్తూ, నేను కఠినుణ్ణి, నన్ను మెత్తబరచు, బలహీనుణ్ణి, బలమివ్వు, లోభిని, ఉదారుణ్ణి చెయ్యి అన్నారని చెబుతారు. తన కాఠిన్యం ఇక మీదట అన్యాయం చేసేవాళ్ల మీదనే ఉంటుందనీ, మర్యాదగా బతికేవారి కోసం తన చెంపను నేలకు ఆనిస్తాననీ కూడా ఆయన అన్నట్టు చరిత్ర చెబుతోంది. పాలకుడు గద్దెనెక్కుతూ తన లోపాన్ని పేరు పెట్టి చెప్పుకోవడం నేను ఈ కాలంలో వినలేదు.

ఆ పదేళ్లలో సిరియా, ఇరాక్, ఈజిప్టు, పర్షియాలో ఎక్కువ భాగం అరబ్బుల పాలనలోకి వచ్చాయి. మదీనాకు ఎన్నడూ చూడనంత ధనం వచ్చిపడింది. దానిని ఎవరికెంత పంచాలో రాసిపెట్టడానికి ఉమర్ దీవాన్ అనే పట్టికను ఏర్పాటు చేశారు. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు ఆ పట్టిక మీద ప్రత్యేకమైన ఆసక్తి. అందులో మొదటి తరం వలసదారులకు 4,000 దిర్హములు రాసి, తన సొంత కొడుకు అబ్దుల్లాకు 3,500 రాయించారు. అతనూ వలసదారుడే కదా, ఎందుకు తగ్గించారని అడిగితే, అతను తల్లిదండ్రుల వెంట వచ్చాడు, సొంతంగా వలస వచ్చినవాడితో సమానం కాడు అన్నారు. మరో సందర్భంలో అబ్దుల్లా ఒంటెలు ప్రభుత్వ బీడులో మేసి బాగా బలిసి కనిపించాయి. ఖలీఫా కొడుకు ఒంటెలు కాబట్టే జనం వాటికి ముందుగా మేతా నీళ్లూ పెట్టి ఉంటారని చెప్పి, వాటిని అమ్మించి, అసలు మాత్రం కొడుకుకు ఇచ్చి, లాభాన్ని ఖజానాలో జమ చేయించారు. కొడుకు ఏ తప్పూ చేయలేదు, ఎవరినీ అడగలేదు. అడగకుండానే దొరికే సౌకర్యాన్ని కూడా ఆయన ప్రజల సొమ్ముగానే లెక్కగట్టారు. ఖాతా పుస్తకంలో ఏ పద్దు కిందా కనిపించని లాభం అదే. దానిని కనిపెట్టిన చూపుకు నేను తల వంచుతాను.

అయితే ఆ దీవాన్‌లోనే ఆయన చేసిన ఒక తప్పు, దానిని దిద్దుకున్న తీరు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించాయి. పసిపిల్లలకూ భత్యం ఉండేది. కానీ పాలు మాన్పించిన తరువాతే ఇవ్వాలని నియమం. ఒకసారి వర్తకుల బృందం ఒకటి మదీనాకు వచ్చి ఊరి వెలుపల ప్రార్థనా స్థలంలో దిగితే, ఉమర్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఇద్దరూ రాత్రి వాళ్ల సరుకుకు కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ వెళ్లి, బిడ్డను సరిగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ వెళ్లి చెప్పారు. తెల్లవారుజామున మూడోసారి విని వెళ్లి, నువ్వు మంచి తల్లివి కావు, రాత్రంతా బిడ్డ నిద్రపోలేదు అని మందలించారు. ఎదురుగా ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. విసిగిపోయి, ఏం చేయమంటావు, పాలు మాన్పిస్తున్నాను, వాడు ఒప్పుకోవడం లేదు అన్నది. ఎందుకింత తొందర అంటే, పాలు మానితే తప్ప ఉమర్ డబ్బివ్వడు కదా అన్నది. బిడ్డ వయసు అడిగితే నెలల్లో చెప్పింది.

ఆ ఉదయం నమాజు చేయిస్తూ ఉమర్ ఎంత ఏడ్చారంటే, ఆయన చదువుతున్న వాక్యాలు వెనక నిలబడ్డవారికి అర్థం కాలేదట. నమాజు ముగించి, ఉమర్ ఎంతమంది ముస్లిం బిడ్డలను చంపాడో అని తనను తానే తిట్టుకున్నారు. పిల్లలకు పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రోజునుంచే భత్యం రాస్తామని చాటింపు వేయించి, రాష్ట్రాలన్నిటికీ ఆజ్ఞలు పంపించారు. నియమం రాసినప్పుడు ఆయన ఉద్దేశంలో దోషం లేదు. ఆ నియమం ఒక చీకటి గుడారంలో ఒక తల్లి చేత ఏం చేయిస్తుందో కాగితం మీద కనిపించదు. తిట్టడానికి వెళ్లిన మనిషి తన మీదికే వచ్చిన జవాబు విని ఆగారు. మరునాటికి ఆజ్ఞ మారింది. మా వైపు పథకాల నియమాలు మారాలంటే ఎన్ని అర్జీలు పెట్టాలో, ఎన్ని ఏళ్లు పడుతుందో తెలిసినవాళ్లకు ఈ ఒక్క రాత్రి విలువ చెప్పక్కరలేదు.

ఖాళీ కుండలో రాళ్లు ఉడికిస్తూ పిల్లలను నిద్రపుచ్చుతున్న తల్లికి, సేవకుడు అస్లమ్ మోస్తానన్నా వినకుండా, ప్రళయ దినాన నా బరువు నువ్వు మోస్తావా అని పిండిమూటను తన వీపు మీదే మోసుకెళ్లిన కథ ప్రతి రంజాన్ నెలలోనూ వినిపిస్తుంది కాబట్టి దానిని వివరించను. 639 కరువు గురించి మాత్రం చెప్పాలి. గాలికి బూడిదలా మట్టి రేగి, మక్కా, మదీనాలున్న హిజాజ్ ప్రాంతమంతా ఎండిపోయిన ఆ ఏడాదిని అరబ్బులు బూడిద సంవత్సరం అంటారు. సిరియా, ఇరాక్‌ల నుంచి ధాన్యం తెప్పించి, మదీనా చుట్టూ చేరిన వేలమందికి వండించి పెట్టించారు. జనానికి దొరికేదాకా తాను నెయ్యి, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఉత్త నూనెతో రొట్టె తిని ఆయన ఒంటి రంగే నల్లబడిందని చూసినవారు చెప్పారు. ఆకలితో దొంగిలించినవారికి ఆ ఏడాది దొంగతనపు శిక్షను అమలు చేయలేదు. శిక్షల విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషి, అన్నం పెట్టలేని పాలనకు ఆ శిక్ష వేసే హక్కు లేదని తెలుసుకున్నారు.

పింఛన్ల మాట మొదట్లో ఎత్తాను కదా. 8వ శతాబ్దంలో ఒక న్యాయవేత్త పన్నుల గురించి రాసిన గ్రంథంలో ఒక ఘటన ఉంది. ఒక ఇంటి ముందు అడుక్కుంటున్న చూపులేని ముసలివాణ్ణి ఉమర్ చూసి, ఏ మతస్థుడివని అడిగారు. యూదుణ్ణి అన్నాడతను. ఈ స్థితికి కారణమేమిటంటే, ముసలితనం, అవసరం, పైగా ముస్లింలు కానివారి మీద వేసే జిజ్యా పన్ను అన్నాడు. ఉమర్ అతని చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్లి ఉన్నదేదో ఇచ్చి, ఖజానా అధికారిని పిలిపించి, ఇతణ్ణీ ఇతనిలాంటివారినీ చూడు, వయసులో ఉన్నప్పుడు ఇతని నుంచి తీసుకుని ముసలితనంలో వదిలేస్తే మనం న్యాయం చేసినట్టు కాదు అన్నారు. అతనికీ, అలాంటివారికీ జిజ్యా రద్దు చేశారు. ఇది దానం కాదన్నది నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. దానమైతే ఇంట్లో ఇచ్చినదానితో సరిపోయేది. ఖజానా అధికారిని పిలిపించడంలో ఉంది అసలు సంగతి: ఆ ముసలివాడు అడుక్కుంటున్నది భిక్ష కాదు, తాను ఏళ్ల తరబడి కట్టినదానిలో తన వాటా. మతం వేరైనంత మాత్రాన ఆ వాటా పోదు. ఈ కథ చెప్పినప్పుడు మా యార్డులో మిరపకాయల బస్తాలు మోసి మోసి నడుములు పోయిన హమాలీలు ఇంకేమీ అడగలేదు, మళ్లీ ఒకసారి చెప్పమన్నారు.

అధికారుల మీద మాత్రం ఆయన కాఠిన్యం ఏమాత్రం తగ్గలేదు. పదవి ఇచ్చేముందు వాళ్ల ఆస్తి రాయించి, తరువాత అది పెరిగితే పెరిగినదానిలో సగం ఖజానాకు తీసుకున్నారు. విచారణలకు ముహమ్మద్ బిన్ మస్లమా అనే నిక్కచ్చి మనిషిని పంపేవారు. కూఫా నగరాన్ని నిర్మించిన సేనాని సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్, బజారు గోల వినిపించకుండా తన భవనానికి పెద్ద తలుపు పెట్టించుకున్నారని, దానివల్ల జనం ఆయనను చేరలేకపోతున్నారని మదీనాకు వార్త వెళ్లింది. ఇబ్న్ మస్లమా వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా కట్టెలు కొని ఆ తలుపును తగలబెట్టి, ఖలీఫా ఉత్తరం చేతికిచ్చి వెనుదిరిగాడు. సఅద్ సామాన్యుడు కాడు, పర్షియా సైన్యాన్ని ఖాదిసియ్యాలో ఓడించిన వీరుడు. ఏటా హజ్ సమయంలో అధికారులందరినీ రప్పించి, జనం ముందు నిలబెట్టి, ఫిర్యాదులుంటే అక్కడే చెప్పమనేవారు. ఒకప్పుడు బానిస యువతి మీద పడిన చేయి ఇదేనని గుర్తుచేసుకుంటే, ఆ చేయి ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది.

ఇరాక్ భూముల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మా గోదావరి మనుషులకు బాగా అర్థమవుతుంది. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మధ్య సవాద్ అనే సారవంతమైన నేల సైన్యం చేతికి వచ్చాక, గెలిచిన సైనికులు దానిని తమకు పంచిపెట్టమన్నారు. అప్పటి అలవాటు ప్రకారం అది న్యాయమైన కోరికే. ఆ కోరిక కోరినవారిలో బిలాల్ లాంటి మహనీయుడు కూడా ఉన్నారు. ఉమర్ ఒప్పుకోలేదు. ఈ భూమిని ఇప్పుడే మీకు పంచేస్తే, తరువాత వచ్చేవారికి ఏం మిగులుతుంది, అనాథలకూ విధవలకూ ఏం మిగులుతుంది అన్నారు. రోజుల తరబడి వాదన నడిచింది. చివరికి మదీనావాసులైన అన్సార్ల నుంచి పదిమందిని పిలిచి, నేనూ మీలో ఒకణ్ణే, నా ఇష్టాన్ని అనుసరించమని చెప్పను, సత్యమేదో చెప్పండి అన్నారు. వాళ్లు ఆయన వైపే మొగ్గారు. భూమి సాగుచేసే రైతుల చేతుల్లోనే ఉండిపోయింది, ఉస్మాన్ బిన్ హునైఫ్ దానిని కొలిచి శిస్తు నిర్ణయించారు. గోదావరి మీద కట్టిన బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా మహారాష్ట్ర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎంత కొట్లాడుకున్నాయో చూసినవాణ్ణి నేను. పంపకం జరిగే చోట లేనివారి వాటా గురించి మాట్లాడేవాడు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. సవాద్ విషయంలో లేనివారంటే ఇంకా పుట్టనివారు. వాళ్లు వచ్చి అడ్డుకోలేరు కాబట్టి, ఉమర్ వాళ్ల తరఫున సొంత సైన్యాన్నే ఆపారు.

ఆయన పాలనలో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. ఖైబర్ యూదులను, నజ్రాన్ క్రైస్తవులను వాళ్ల నేలల నుంచి తరలించింది ఆయన కాలంలోనే. బానిసత్వం ఆ కాలపు ప్రపంచమంతటా ఉన్నట్టే అక్కడా ఉంది. చివరికి ఆయన మరణం కూడా ఒక బానిస ఫిర్యాదుతోనే ముడిపడింది. ముగీరా బిన్ షుఅబా దగ్గర బానిసగా ఉన్న ఫీరోజ్ అనే పారశీకుడు వడ్రంగం, కమ్మరం తెలిసిన పనివాడు. యజమాని తన సంపాదనలోంచి రోజూ తీసుకునే మొత్తం ఎక్కువగా ఉందని ఖలీఫాకు మొరపెట్టుకున్నాడు. నీకు వచ్చిన పనులకు అది ఎక్కువేమీ కాదు అన్నారు ఉమర్. ముగీరాతో మాట్లాడి తగ్గించమని చెప్పాలని మనసులో అనుకున్నారని కొన్ని కథనాలు అంటాయి. ఫీరోజ్‌కు మాత్రం ఆ మాట చెప్పలేదు. కొద్ది రోజులకు, 644 నవంబరులో, తెల్లవారుజాము నమాజులో అతను ఉమర్‌ను కత్తితో పొడిచాడు. హత్యను నేను సమర్థించను, ఎవరూ సమర్థించకూడదు. కానీ పసిబిడ్డ తల్లి ముందు, అంధుడైన ముసలివాడి ముందు ఆగిన మనిషి, ఈ ఒక్కడి ముందు ఇంకొంచెంసేపు ఆగి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

మరణశయ్య మీద ఆయన చేసిన ఏర్పాట్లు ఆయన జీవితానికి తగినవి. తన పేర ఉన్న అప్పు లెక్క కట్టించారు. సుమారు 86,000 తేలింది. దానిని తన కుటుంబం ఆస్తి నుంచి, చాలకపోతే తన వంశం నుంచి తీర్చమని కొడుకుకు చెప్పారు. వారసుణ్ణి ఎన్నుకోవడానికి ఆరుగురి సంఘాన్ని నియమించి, కొడుకు అబ్దుల్లా వాళ్లతో కూర్చోవచ్చు కానీ అతనికి పదవిలో వాటా లేదన్నారు. తన తరువాత వచ్చేవారికి చెప్పిన మాటల్లో, రక్షణ ఒప్పందం కింద ఉన్న ఇతర మతస్థులకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని, వాళ్ల మీద శక్తికి మించిన భారం వేయవద్దని కూడా ఉంది.

ఉమర్ రాత్రి గస్తీల్లో మరో కథ ఉంది. పాలలో నీళ్లు కలపమని తల్లి చెబితే, ఉమర్ చూడకపోయినా ఉమర్ దేవుడు చూస్తాడని నిరాకరించిన ఒక పేద అమ్మాయి మాటలు గోడ అవతల నుంచి విని, ఆమెను తన కొడుకు ఆసిమ్‌కు ఇచ్చి పెళ్లి చేశారట. వాళ్ల కూతురి కొడుకే 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. ఇతను ముత్తాతలా ఒంటెలు కాసినవాడు కాడు. ఉమయ్యద్ రాజకుటుంబంలో పట్టుబట్టలతో, ఖరీదైన అత్తర్లతో పెరిగినవాడు, మదీనాకు గవర్నరుగా చేసినవాడు. గద్దెనెక్కగానే తన పేర ఉన్న జాగీర్లను ఖజానాకు రాసిచ్చాడు. భార్య ఫాతిమాను, నీ నగలు ఖజానాకు ఇస్తావా, నన్ను వదిలి వెళ్తావా అని అడిగితే, ఆమె నగలే ఇచ్చేసింది. ఇస్లాం స్వీకరించినవారి నుంచి కూడా జిజ్యా వసూలు చేస్తున్న అధికారులకు, దేవుడు ముహమ్మద్‌ను దారి చూపడానికి పంపాడు, పన్నులు వసూలు చేయడానికి కాదు అని రాసి పంపాడు. 720లో మరణించేదాకా పాలించింది రెండున్నర ఏళ్లే.

ముత్తాతను ఆపినవారు దారిలో తారసపడినవారు: ఒక చెల్లెలు, పేరు తెలియని ఒక తల్లి, ఒక ముసలి యూదుడు. ఈ రెండో ఉమర్ అలా తారసపడేదాకా ఎదురుచూడలేదు. తన అంగరక్షకుల అధిపతిని పిలిచి, నేను న్యాయం నుంచి పక్కకు జరుగుతున్నట్టు కనిపిస్తే నా అంగీ కాలరు పట్టుకుని గట్టిగా కుదిపి, ఉమర్, ఏం చేస్తున్నావని అడుగు అని ఆజ్ఞాపించాడు.